సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ ఎందుకు మూతపడింది? డెత్ పెనాల్టీ ఒక్కటే కారణం కాదు

మీ అమ్మాయి ఈ ఏడాది డాలస్‌లోని ఎస్‌ఎంయూలో (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) చేరిందని, క్యాంపస్‌లో ఎక్కడ చూసినా "సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ ఛాంపియన్స్" అని పాత బోర్డులు కనిపిస్తున్నాయని రాశారు. ఆ కాన్ఫరెన్స్ ఇప్పుడు ఎక్కడుందని అడిగితే, "ఎస్‌ఎంయూకి డెత్ పెనాల్టీ పడింది, దాంతో కాన్ఫరెన్సే పోయింది" అని ఎవరో చెప్పారట. అది నిజమేనా అన్నది మీ ప్రశ్న.

సగమే నిజం. డెత్ పెనాల్టీ అంటే ఒక కాలేజీ జట్టుని సీజన్ మొత్తం ఆడనివ్వకుండా చేసే శిక్ష. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు కూడా చాలామంది ఇదే మాట అంటారు. కానీ శిక్ష పడిన రోజుకీ కాన్ఫరెన్స్ మూతపడిన రోజుకీ మధ్య తొమ్మిదేళ్లున్నాయి. దాదాపు ఆ తొమ్మిదేళ్లూ నేను ఇక్కడే ఉన్నాను. 1987 ఆగస్టులో యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో ఎంఎస్ చేయడానికి వచ్చాను, టెక్సస్ వదలలేదు. అంతకుముందు సంగతులు లైబ్రరీలో పాత పేపర్లు తిరగేసి తెలుసుకున్నవి. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

కాన్ఫరెన్స్ అంటే టోర్నమెంట్ కాదు. ఒక ప్రాంతంలోని కాలేజీలు కలిసి పెట్టుకున్న కూటమి. ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలి, ఏ విద్యార్థి ఆడటానికి అర్హుడు, గేటు డబ్బులు ఎలా పంచుకోవాలి, ఇవన్నీ కూటమే తేలుస్తుంది. ఫుట్‌బాల్ నుంచి టెన్నిస్ దాకా అన్ని ఆటలూ దాని కిందికే వస్తాయి. అయితే అందరినీ నడిపించేది ఫుట్‌బాలే, అదీ అమెరికన్ ఫుట్‌బాల్. మన దగ్గర క్రికెట్ ఎంతో, టెక్సస్‌లో అది అంత.

1914 మే నెలలో డాలస్‌లోని ఓరియంటల్ హోటల్లో మొదటి సమావేశం జరిగింది. పిలిచింది ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ అథ్లెటిక్ డైరెక్టర్ థియో బెల్‌మాంట్. అప్పట్లో కాలేజీ జట్లలో చదువుకీ కాలేజీకీ సంబంధం లేనివాళ్లు కూడా ఆడేసేవాళ్లు. దానికి అడ్డుకట్ట వేయాలన్నది ఆయన పట్టుదల. అదే ఏడాది డిసెంబరు 8న హ్యూస్టన్‌లోని రైస్ హోటల్లో కాన్ఫరెన్స్ అధికారికంగా ఏర్పడింది. మొదటి సభ్యులు ఎనిమిది: టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం, బేలర్, రైస్, సౌత్‌వెస్టర్న్, ఆర్కన్సా, ఓక్లహోమా, ఓక్లహోమా ఏ అండ్ ఎం. అంటే మూడు రాష్ట్రాల కూటమి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

సౌత్‌వెస్టర్న్ చిన్న కాలేజీ, త్వరగానే తప్పుకుంది. మీ అమ్మాయి చదివే ఎస్‌ఎంయూ 1918లో వచ్చింది. ఫోర్ట్‌వర్త్‌లోని టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) 1923లో వచ్చింది. ఓక్లహోమా 1919లో, ఓక్లహోమా ఏ అండ్ ఎం 1925లో వెళ్లిపోయాయి. ఇక మిగిలింది ఏడుగురు, వాళ్లలో ఆరుగురు టెక్సస్ వాళ్లే. ఆర్కన్సా ఒక్కటే బయటి రాష్ట్రం. లబ్బాక్‌లోని టెక్సస్ టెక్‌కి 1956లో, మా హ్యూస్టన్‌కి 1971లో సభ్యత్వం ఇచ్చారు. మా వాళ్లు ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడటం మొదలుపెట్టింది 1976లో, ఆ మొదటి ఏడే టైటిల్ పంచుకుని, సీజన్ ముగిశాక జరిగే పెద్ద ఆట కాటన్ బౌల్‌కి వెళ్లారు.

ఇలా ఇరుగుపొరుగు కూటమి కావడమే దాని బలం. డాలస్ నుంచి ఫోర్ట్‌వర్త్ నలభై మైళ్లు. ఆస్టిన్ నుంచి ఏ అండ్ ఎం ఉన్న కాలేజ్ స్టేషన్ నూరు మైళ్ల పైచిలుకు. బేలర్ ఉన్న వేకో డాలస్‌కీ ఆస్టిన్‌కీ మధ్య దారిలోనే తగులుతుంది. శనివారం పొద్దున కారెక్కితే ఆట చూసి రాత్రికి ఇల్లు చేరొచ్చు. ఒకే ఇంట్లో అన్న ఏ అండ్ ఎం, చెల్లి టెక్సస్, బావ బేలర్. సోమవారం ఆఫీసులో పక్క సీట్లో కూర్చునేవాడు ఓడిన కాలేజీవాడే. దేశంలో ఇంకెక్కడా ఇంత దగ్గరగా ఇన్ని పెద్ద జట్లు లేవంటే అతిశయోక్తి కాదు. ఆటకి వెళ్లలేనివాళ్లకి రేడియో ఉండేది. 1930ల మధ్య నుంచి హంబుల్ ఆయిల్ కంపెనీ ఈ మ్యాచ్‌లు ప్రసారం చేసింది. కెర్న్ టిప్స్ అనే వ్యాఖ్యాత గొంతు విని పెరిగినవాళ్లు పశ్చిమ టెక్సస్ పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. నేను మొదట ఉద్యోగం చేసిన చోట మా మేనేజరు అలాంటివాడే. వాళ్ల నాన్న పత్తి చేలో పికప్ ట్రక్కు తలుపులు రెండూ బార్లా తీసిపెట్టి, రేడియో పెద్దగా పెట్టి పని చేసుకునేవాడని చెప్పేటప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరగడం చూశాను.

ఆ రోజుల్లో జాతీయ స్థాయిలో కూడా ఈ కూటమి మాటకి విలువుండేది. 1935లో ఎస్‌ఎంయూ, టీసీయూ రెండూ ఓటమి లేకుండా వచ్చి నవంబరు 30న ఫోర్ట్‌వర్త్‌లో తలపడ్డాయి. నాలుగో డౌన్‌లో, అంటే బంతిని ముందుకు తీసుకెళ్లే చివరి ప్రయత్నంలో, అందరూ పంట్ చేస్తారని (బంతిని దూరంగా తన్నేస్తారని) అనుకుంటుండగా పంట్‌లా నటించి పాస్ వేసి ఎస్‌ఎంయూ 20-14తో గెలిచింది, కాటన్ బౌల్ లాంటిదే అయిన రోజ్ బౌల్‌కి వెళ్లింది. మీ అమ్మాయికి ఈ ఒక్క ఆట గురించి తప్పకుండా చెప్పండి. తర్వాత 1938లో టీసీయూ, 1939లో ఏ అండ్ ఎం జాతీయ ఛాంపియన్లు అయ్యాయి. కాన్ఫరెన్స్ విజేత కొత్త సంవత్సరం నాడు డాలస్ ఫెయిర్ పార్క్‌లో కాటన్ బౌల్ ఆడటం 1940ల మొదట్లో ఆనవాయితీ అయింది. దేశంలో అత్యుత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ ఈ కాన్ఫరెన్స్ వాళ్లు ఐదుగురు గెలిచారు. వాళ్లలో 1948లో గెలిచిన డోక్ వాకర్ ఎస్‌ఎంయూవాడే.

కెనెడీ చంద్రుడి మీదికి వెళ్దామన్న ప్రసంగం మనందరం ఎప్పుడో ఒకప్పుడు విన్నదే. అది ఇచ్చింది 1962 సెప్టెంబరు 12న, హ్యూస్టన్‌లోని రైస్ స్టేడియంలో. ఎత్తయిన శిఖరం ఎందుకు ఎక్కాలి, ముప్పై ఐదేళ్ల కిందట అట్లాంటిక్ మీదుగా ఎందుకు ఎగిరారు అని అడుగుతూ అదే వరసలో ఆయన "రైస్ టెక్సస్‌తో ఎందుకు ఆడుతుంది?" అన్నారు. జనం హోరెత్తిపోయారు. రైస్‌లో డిగ్రీ విద్యార్థులు మూడు వేలు కూడా ఉండేవాళ్లు కాదు. టెక్సస్ దానికి ఎన్నో రెట్లు పెద్దది. అయినా ఏటా ఆడేవాళ్లు. ఆ ప్రసంగం అయిన ఆరు వారాలకే, అప్పటికి దేశంలో నంబర్ వన్‌గా ఉన్న టెక్సస్‌ని రైస్ 14-14తో నిలబెట్టేసింది. నా దృష్టిలో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ అంటే ఇదే, పెద్దవాడు చిన్నవాడి ఊరికి వెళ్లి ఆడి తీరాలి.

మంచే చెప్పి చెడు దాచడం నాకిష్టం లేదు. 1960ల మధ్య దాకా ఈ కాన్ఫరెన్స్ ఫుట్‌బాల్ జట్లలో నల్లవాళ్లకి చోటు లేదు. 1965లో ఎస్‌ఎంయూ కోచ్ హేడెన్ ఫ్రై, బోమాంట్ కుర్రాడు జెర్రీ లెవయస్‌కి స్కాలర్‌షిప్ ఇచ్చాడు. ఫుట్‌బాల్‌కి స్కాలర్‌షిప్ అందుకున్న నల్లజాతి ఆటగాడు ఈ కాన్ఫరెన్స్‌లో అతనే మొదటివాడు. 1966లో బేలర్ తరఫున జాన్ వెస్ట్‌బ్రుక్ అతనికన్నా ఒక వారం ముందు మైదానంలో దిగాడు. లెవయస్‌కి చంపుతామని బెదిరింపులు వచ్చాయి, తిట్లు సరేసరి. 1968లో టీసీయూతో ఆటలో ఒకడు మొహం మీద ఉమ్మేశాడు. లెవయస్ బెంచీ దగ్గరికొచ్చి హెల్మెట్ నేలకేసి కొట్టి, ఇక ఆడనన్నాడు. కోచ్ పక్కన కూర్చుని మాట్లాడాడు. కాసేపటికి పంట్ రిటర్న్‌కి లేచి వెళ్లి 89 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు, ఎస్‌ఎంయూ గెలిచింది. ఆ మరుసటి ఏడే, 1969 డిసెంబరు 6న, నంబర్ వన్ టెక్సస్, నంబర్ టూ ఆర్కన్సా ఫేయెట్‌విల్‌లో ఆడాయి. అధ్యక్షుడు నిక్సన్ స్వయంగా వచ్చి చూశారు. 14-0తో వెనకబడ్డ టెక్సస్ చివరి క్వార్టర్‌లో పుంజుకుని 15-14తో గెలిచింది. అంత గొప్ప ఆటలోనూ రెండు జట్లూ పూర్తిగా తెల్లవాళ్లే. ఆ ఆటని పొగిడేవాళ్లు ఈ మాట కూడా చెప్పాలి.

ఇక పతనం. ఇది ఒక్క దెబ్బకి జరగలేదు.

మొదటి కారణం డాలస్, హ్యూస్టన్ నగరాలు పెద్దవి కావడం. 1960లో డాలస్‌కి కౌబాయ్స్, హ్యూస్టన్‌కి ఆయిలర్స్ వచ్చాయి. ప్రొఫెషనల్ జట్టు ఊళ్లో ఉంటే చిన్న ప్రైవేటు కాలేజీ ఆటకి ఎవరొస్తారు? ఎస్‌ఎంయూ, రైస్, టీసీయూ స్టేడియాలు పలచబడ్డాయి. గేటు డబ్బులో వచ్చిన జట్టుకీ వాటా ఉంటుంది కాబట్టి ఆ నొప్పి పెద్ద కాలేజీలకీ తగిలింది. డెబ్బై వేలు పట్టే సొంత స్టేడియం నింపి సగం పంచి, తిరిగి వాళ్ల ఊరు వెళ్తే ఖాళీ కుర్చీల్లో వాటా తెచ్చుకోవడం అన్నమాట. టెక్సస్, ఏ అండ్ ఎం, ఆర్కన్సా మూడింటికీ ఇది మింగుడు పడలేదు.

రెండోది 1984 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పు. అప్పటిదాకా ఏ ఆట టీవీలో రావాలి, ఎన్నిసార్లు రావాలి అన్నది దేశమంతటికీ కాలేజీ ఆటల్ని నియంత్రించే సంస్థ ఎన్‌సీఏఏ ఒక్కటే నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెళ్లాయి, తీర్పు 7-2తో వాళ్లవైపు వచ్చింది. టీవీ హక్కులు ఇక కాలేజీలవీ, కాన్ఫరెన్సులవీ. ఆ రోజు నుంచి కాన్ఫరెన్స్ విలువ స్టేడియంలో కూర్చున్న జనాన్ని బట్టి కాదు, ఎన్ని రాష్ట్రాల్లో ఎన్ని టీవీలు ఉన్నాయన్నదాన్ని బట్టి. దాదాపు మొత్తం ఒకే రాష్ట్రంలో ఉన్న కూటమికి ఇది గొడ్డలిపెట్టు. డెబ్బై ఏళ్లు బలంగా ఉన్న ఇరుగుపొరుగుతనం బలహీనతగా మారిపోయింది. నన్నడిగితే అసలు కారణం ఇదే. మిగతావి దీన్ని తొందరపెట్టాయి.

మూడోది డబ్బు పంచి ఆటగాళ్లని తెచ్చుకునే జబ్బు. దీనికీ దగ్గరితనమే కారణం. అందరూ అదే హైస్కూళ్లకి, అదే కుర్రాళ్ల ఇళ్లకి వెళ్లేవాళ్లు. ఒకడు వెయ్యి ఇస్తే ఇంకొకడు కారు ఇస్తాడు. ఓడిపోయినవాడు ఎన్‌సీఏఏకి ఉప్పందిస్తాడు. ఇంటిగుట్టు లంకకు చేటు అన్నట్టయింది. 1985లో టీసీయూ కోచ్ జిమ్ వాకర్ తన ఆటగాళ్లు డబ్బు తీసుకున్నారని తెలిసి తానే ఎన్‌సీఏఏకి చెప్పి, వాళ్లని జట్టు నుంచి తీసేశాడు. నిజాయితీగా ఒప్పుకున్నా కఠినమైన శిక్షే పడింది. ఆ దశాబ్దంలో తొమ్మిది కాలేజీల్లో సగానికి పైగా ఏదో ఒక శిక్ష అనుభవించాయి, మా హ్యూస్టన్‌తో సహా.

ఎస్‌ఎంయూ సంగతి అందులో అన్నిటికన్నా ఘోరం. 1982లో ఎరిక్ డికర్సన్ ఉన్న జట్టు ఒక్క ఓటమి కూడా లేకుండా ముగించింది. దాని వెనక ఏం జరిగిందో తర్వాత బయటపడింది. 1985లోనే శిక్ష పడి మూడేళ్ల ప్రొబేషన్‌లో, అంటే నిఘాలో, ఉన్నారు. ఆ ప్రొబేషన్‌లో ఉండగానే 13 మంది ఆటగాళ్లకి మొత్తం 61 వేల డాలర్ల దాకా చెల్లించారు, నెలకి 50 నుంచి 725 డాలర్ల చొప్పున. ఇచ్చిన మాట తప్పితే కుర్రాళ్లు బయటపెడతారన్న భయంతో ఆపలేకపోయారు. 1987 ఫిబ్రవరి 25న ఎన్‌సీఏఏ ఆ ఏడాది ఫుట్‌బాల్ సీజన్ మొత్తాన్ని రద్దు చేసింది. దాన్నే డెత్ పెనాల్టీ అంటారు. జట్టు కూర్చలేక 1988 సీజన్ కాలేజీయే వదులుకుంది. శిక్ష పడిన వారం రోజులకే టెక్సస్ గవర్నర్ బిల్ క్లెమెంట్స్, తాను ఎస్‌ఎంయూ బోర్డుకి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆ చెల్లింపులు కొనసాగించడానికి ఒప్పుకున్నది నిజమేనని చెప్పారు. రాష్ట్ర గవర్నరు!

ఎస్‌ఎంయూ మళ్లీ దిగింది 1989లో. ఆ అక్టోబరులో హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్ స్టేడియంలో మాతో ఆట. స్టూడెంట్ టికెట్ మీద వెళ్లి చూశాను. ఎస్‌ఎంయూ జట్టు దాదాపు అంతా మొదటి ఏడాది పిల్లలు. పక్కపక్కన నిలబడితే మావాళ్ల భుజం దాకా వచ్చేవాళ్లు కొందరు. మా క్వార్టర్‌బ్యాక్ ఆండ్రీ వేర్ పాస్ మీద పాస్ వేస్తున్నాడు, స్కోర్‌బోర్డు తిరుగుతూనే ఉంది. 95-21. మా జట్టు వెయ్యి గజాలు దాటింది. మొదట్లో అరిచినవాళ్లం మూడో క్వార్టర్‌కి వచ్చేసరికి అరవడం మానేశాం. నా ముందు వరసలో ఒక పెద్దావిడ ఎస్‌ఎంయూ ఎర్ర స్వెటర్ వేసుకుని చివరిదాకా కూర్చుంది. ఆ పిల్లలు ప్రతిసారి లేచి నిలబడ్డప్పుడల్లా ఒక్కతే చప్పట్లు కొట్టింది. ఆమెని మర్చిపోలేను. ఆ ఏడాది మా హ్యూస్టన్ కూడా శిక్షలో ఉంది, మా ఆటలు టీవీలో రావడానికి వీల్లేదు. ఆండ్రీ వేర్ హైస్మన్ గెలిచాడు, అతని ఆట దేశం చూడనేలేదు. కాన్ఫరెన్స్ పరిస్థితి ఎలా ఉండేదో ఇంతకన్నా వివరంగా చెప్పలేను.

1990 ఆగస్టు 1న ఆర్కన్సా వెళ్లిపోతున్నానని ప్రకటించింది. ఆగ్నేయ రాష్ట్రాల ఎస్‌ఈసీలో చేరింది. అథ్లెటిక్ డైరెక్టర్ ఫ్రాంక్ బ్రాయిల్స్ అంతకు రెండు దశాబ్దాల కిందట ఆ 15-14 ఆటలో ఓడిన కోచే. ఆయన దూరదృష్టిని తప్పుపట్టలేను. ఆర్కన్సా వెళ్లిపోయాక మిగిలింది ఎనిమిది కాలేజీలు, ఎనిమిదీ టెక్సస్‌లోనే. మూడు రాష్ట్రాలతో మొదలైన కూటమి ఒక్క రాష్ట్రానికి కుంచించుకుపోయింది. టీవీ వాళ్లకి ఇక అమ్మేది ఏముంది? 1992, 93, 94లో వరసగా మూడు కాటన్ బౌల్స్ ఏ అండ్ ఎం ఓడింది. 1994 సీజన్లో ఏ అండ్ ఎం ఒక్కటి కూడా ఓడలేదు కానీ శిక్ష వల్ల టైటిల్‌కి అర్హత లేదు, కాన్ఫరెన్స్ ఆటల్లో తలా మూడు ఓడిన ఐదు జట్లు టైటిల్ పంచుకున్నాయి.

అసలు నిర్ణయం మాత్రం అంతకుముందే అయిపోయింది. 1994 ఫిబ్రవరిలో ఎస్‌ఈసీ సొంతంగా సీబీఎస్ టీవీతో ఒప్పందం చేసుకుంది. దాంతో మిగతావాళ్లందరికీ టెన్షన్ పట్టుకుంది. రెండు వారాలు తిరిగేసరికి, ఫిబ్రవరి 25న, టెక్సస్, ఏ అండ్ ఎం, టెక్సస్ టెక్, బేలర్ నాలుగూ మధ్య రాష్ట్రాల బిగ్ ఎయిట్‌తో కలిసి బిగ్ ట్వెల్వ్ అవుతున్నట్టు తేలిపోయింది. డెత్ పెనాల్టీ పడిన తేదీ కూడా ఫిబ్రవరి 25నే, సరిగ్గా ఏడేళ్ల తేడా. బేలర్, టెక్ ఎలా వెళ్లాయంటే, అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ బాబ్ బుల్లక్ టెక్‌లో డిగ్రీ, బేలర్‌లో లా చదివారు. సెనేట్ ఫైనాన్స్ కమిటీ అధ్యక్షుడు జాన్ మాంట్‌ఫర్డ్‌ది లబ్బాక్. ఆ రెండు కాలేజీలనీ వెంట తీసుకెళ్లకపోతే బడ్జెట్లో చూసుకుంటామని పెద్ద యూనివర్సిటీలకి చెప్పారన్నది టెక్సస్‌లో అందరి నోటా వినే మాట. ఎస్‌ఎంయూ, టీసీయూ, రైస్, హ్యూస్టన్‌ల తరఫున అలా మాట్లాడేవాళ్లు ఆ గదిలో లేరు.

చివరి ఫుట్‌బాల్ ఆట 1995 డిసెంబరు 2న, రైస్ స్టేడియంలో, రైస్‌కీ హ్యూస్టన్‌కీ. కెనెడీ మాట్లాడిన ఆ స్టేడియమే. అప్పటికి నాకు పెళ్లయి ఏడాది. మా ఆవిడకి ఆట తెలియదు, అయినా "ఇది చివరిదట కదా, పద" అంది. డెబ్బై వేలు పట్టే చోట సగానికి పైగా ఖాళీ. రెండు కాలేజీలదీ ఒకే ఊరు, గెలిచినవాళ్లకి బయూ బకెట్ అని ఒక బకెట్ ట్రోఫీ ఇస్తారు. 18-17తో మేం గెలిచాం. ఆట అయ్యాక జనం వెంటనే లేవలేదు. మా వెనక ఒక ముసలాయన ప్రోగ్రాం పుస్తకం మీద సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ ముద్ర ఉన్న అట్టని జాగ్రత్తగా చింపకుండా విప్పి, మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మిగతా ఆటలు ఆ విద్యాసంవత్సరం చివరిదాకా సాగాయి. 1996 వేసవికి కాన్ఫరెన్స్ లేదు.

ఫుట్‌బాల్ గురించే ఎక్కువ చెప్పాను. మీ అమ్మాయికి బాస్కెట్‌బాల్ ఇష్టమని రాశారు కాబట్టి ఒక్క మాట. ఒలాజువాన్, డ్రెక్స్‌లర్ ఆడిన హ్యూస్టన్ జట్టు ఈ కాన్ఫరెన్స్‌దే. 1986లో 34 ఆటలూ గెలిచి జాతీయ ఛాంపియన్లయిన టెక్సస్ అమ్మాయిలూ, 1993 ఫైనల్లో ఒక్కతే 47 పాయింట్లు చేసిన టెక్సస్ టెక్ షెరిల్ స్వూప్స్ కూడా ఇక్కడివాళ్లే. అమ్మాయిల బాస్కెట్‌బాల్‌లో ఈ కాన్ఫరెన్స్ చివరిదాకా దేశంలో మొదటి వరసలోనే ఉంది. ఇది ఎవరూ చెప్పరు.

తర్వాత ఎవరెక్కడికి చేరారంటే: ఎస్‌ఎంయూ, టీసీయూ, రైస్ ముందు పడమటి రాష్ట్రాల డబ్ల్యూఏసీకి వెళ్లాయి, హ్యూస్టన్ కాన్ఫరెన్స్ యూఎస్ఏకి. ఆ పైన ఎన్ని కూటములు మారారో లెక్కపెట్టడం విసుగు. ఏ అండ్ ఎం 2012లో ఎస్‌ఈసీకి వెళ్లింది, అదే ఏడు టీసీయూ బిగ్ ట్వెల్వ్‌లోకి వచ్చింది. హ్యూస్టన్‌కి 2023లో ఆ తలుపు తెరుచుకుంది. 2024లో టెక్సస్, ఓక్లహోమా ఎస్‌ఈసీలో చేరాయి. అంటే 1914లో ఆ హోటల్లో సంతకాలు పెట్టినవాళ్లలో నలుగురు, టెక్సస్, ఏ అండ్ ఎం, ఆర్కన్సా, ఓక్లహోమా, ఇప్పుడు మళ్లీ ఒకే కూటమిలో ఉన్నారు, అదీ ఆగ్నేయం పేరు పెట్టుకున్న కూటమిలో. పదమూడేళ్లు ఆగిపోయిన టెక్సస్, ఏ అండ్ ఎం ఆట 2024 నవంబరు 30న కాలేజ్ స్టేషన్లో మళ్లీ జరిగింది. టెక్సస్ 17-7తో గెలిచింది. రైస్ ఒక్కటే పెద్ద కూటములకి బయట మిగిలింది.

మీ అమ్మాయి కాలేజీ 2024 జులై నుంచి అట్లాంటిక్ తీరపు ఏసీసీలో ఉంది. ఆ కూటమిలో బోస్టన్ వాళ్లున్నారు, కాలిఫోర్నియా నుంచి స్టాన్‌ఫర్డ్ కూడా ఉంది. ఆటలకి విమానాల్లో వెళ్తారు. నలభై మైళ్ల అవతలున్న టీసీయూతో 1915 నుంచి ఆడుతూ వచ్చిన ఆట ఒకటుండేది, గెలిచినవాళ్లకి ఐరన్ స్కిలెట్ అని ఒక ఇనప పెనం ఇచ్చేవాళ్లు. 2025 తర్వాత ఆ ఆట కొనసాగించకూడదని టీసీయూ నిర్ణయించింది.